పాత సైతాను సినిమాల గురించి ఒక యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

పాత సైతాను సినిమాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివానమ్మా. రాతలో చురుకుంది. కానీ మూడో పేజీలో ‘ఇప్పుడు చూస్తే ఇవన్నీ కామెడీ సినిమాలే’ అని ఒక ముక్క రాసి వదిలేశావు. అక్కడే నాకు కోపం వచ్చింది. పుస్తకం ఎలా వేయించాలి, యూట్యూబ్ చానెల్ పెట్టాలా అన్న ప్రశ్నలు ఇంకోసారి చూద్దాం.

తనకు తెలియకుండానే సైతాను బిడ్డను కడుపున మోసే రోజ్‌మేరీ కథ ‘రోజ్‌మేరీస్ బేబీ’. అందులో సైతాను సరిగ్గా కనిపించనే కనిపించడు, ఇక భయమేముంది అన్నావు. 1968లో టికెట్ కొనుక్కుని వెళ్లిన అమెరికా ఆడవాళ్లు దేనికి భయపడుతూ బతికారో వెతికావా? కడుపుతో ఉన్న రోజ్‌మేరీ నొప్పితో విలవిల్లాడుతుంటే పేరుమోసిన డాక్టరు పుస్తకాలు చదవొద్దు, స్నేహితుల మాట వినొద్దు అంటాడు. పక్కింటావిడ రోజూ ఏదో కలిపి తెచ్చి తాగిస్తుంది. మొగుడు వాళ్లతో కుమ్మక్కు. చివరికి ఇంకో డాక్టరు దగ్గరికి పరిగెత్తి తన గోడు చెప్పుకుంటే, ఆయన అన్నీ విని, మొగుణ్ణీ మొదటి డాక్టరునూ పిలిపించి అప్పజెబుతాడు. వేవిళ్లకని థాలిడోమైడ్ మాత్ర వేసుకున్న తల్లులకు చేతులూ కాళ్లూ సరిగ్గా లేని పిల్లలు వేలమంది పుట్టారన్న నిజం బయటపడి అప్పటికి ఏడేళ్లు కూడా కాలేదు. అది వైద్యులు నమ్మి ఇచ్చిన మాత్ర! స్పృహలో లేని భార్యతో గడిపానని ఆ సినిమాలో మొగుడు తేలిగ్గా చెప్పేస్తాడు. భార్యను మొగుడు బలవంతం చేస్తే అత్యాచారం అనే చట్టం అప్పట్లో అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ లేదు. పద్దెనిమిదేళ్లు దాటిన భార్య విషయంలో మన దేశంలో ఇప్పటికీ లేదు. ఆ సినిమాలో సైతాను ఉండేది కొన్ని క్షణాలే. మిగతా సేపంతా భయపెట్టేది నవ్వుతూ పలకరించే పెద్దమనుషులు.

డాక్టరు గది బయట కూర్చున్నప్పుడు రోజ్‌మేరీ చేతిలోకి తీసుకున్న పత్రిక చూశావా? అమెరికా వారపత్రిక ‘టైమ్’, 1966 ఏప్రిల్ 8 సంచిక. నల్ల అట్ట మీద ఎర్ర అక్షరాలతో ‘దేవుడు చనిపోయాడా?’ అన్న ప్రశ్న. అదే నెల 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంటన్ లావే సైతాను పేరుతో ఏకంగా చర్చి పెట్టాడు. ఈ రెండు సంగతులూ తెలియకుండా ఆ సీన్ గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదని నా పట్టుదల.

సైతాను పూజను మన చేతబడితో పోల్చావు. కుదరదు. మన కథల్లో చేతబడి చేసేవాడు ఎక్కువగా ఊరి చివర ఉండే బీదవాడు. ఆ సినిమాల్లో సైతానును కొలిచేవాళ్లు ఖరీదైన అపార్ట్‌మెంట్లలో, బంగళాల్లో ఉంటారు. వాళ్ల పూజ కూడా చర్చి ఆరాధనను తలకిందులు చేసిందే. చర్చి నీడలో పెరిగిన ప్రేక్షకుడికి అది ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించు.

నేను ఇవన్నీ రాసుకుని వారపత్రికల చుట్టూ తిరిగాను. విజయవాడలో క్యాసెట్ అద్దెకు తెచ్చి, రాత్రంతా ఆపి ఆపి చూసి, పొద్దున్నే తిరిగి ఇచ్చేసేవాణ్ణి. లైబ్రరీలో పాత పత్రికల కట్టలు దించి చదివాను. ఒక ఎడిటర్ చరిత్ర ఉన్న పేరాలన్నీ కొట్టేసి రక్తం ఉన్న సీన్లు మాత్రమే అచ్చు వేశాడు. ‘మన పాఠకులకు అమెరికా గొడవ ఎందుకండీ’ అన్నాడు. పాఠకుల మీద అంత చిన్నచూపు ఉన్నవాడు ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ రోజు ‘వణికించే పది సినిమాలు’ అని జాబితాలు అడిగేవాళ్లదీ అదే బుద్ధి. నీ వ్యాసం చివర అలాంటి జాబితా ఒకటి ఉంది. తీసెయ్.

‘ది డెవిల్ రైడ్స్ అవుట్’ అనే బ్రిటిష్ సినిమాలో సాలీడును చూసి నవ్వొచ్చిందన్నావు. సాలీడు నాసిరకమే, కాదనను. కానీ మంత్రశక్తులు ఉన్నాయని చెప్పుకోవడాన్ని నేరంగా చూసే మంత్రగత్తెల చట్టాన్ని బ్రిటన్ రద్దు చేసింది 1951లో. అంటే ఆ సినిమాకు పదిహేడేళ్ల ముందు మాత్రమే.

ఇంకొకటి. ఈ భయం తెర దాటి కోర్టుకు కూడా ఎక్కింది. 1983లో కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ నర్సరీ బడి మీద పిల్లలపై అఘాయిత్యాల ఆరోపణలు వచ్చాయి, వాటిలోకి సైతాను పూజల మాటా చేరింది. 1990 దాకా కేసు నడిచినా ఒక్కరికీ శిక్ష పడలేదు, ఆ బడి నడిపినవాళ్ల జీవితాలు మాత్రం నాశనమయ్యాయి. దాని గురించి నీ వ్యాసంలో ఒక్క మాట లేదు.

ఆ ‘టైమ్’ పత్రిక సీన్ దగ్గర మొదలుపెట్టి వ్యాసం మళ్లీ రాయి. దసరాలోపు పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు