నెలాఖరు లెక్క: ఫ్రీలాన్స్ రచయితల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నెలంతా బల్ల దగ్గరే ఉన్నాను. తీరా చూసుకుంటే పూర్తయినవి మూడే రచనలు. మిగతా కాలం ఎటు పోయిందో తెలియడం లేదు. నెల పనిని ఎలా సమీక్షించుకోవాలి?

జవాబు: నెలాఖరున కూర్చుని గుర్తు చేసుకుంటే లెక్క తేలదు. పూర్తయిన పనులూ, బాగా విసిగించిన పనులూ మాత్రమే గుర్తుంటాయి. ముందు చిట్టా ఉండాలి. డైరీలా పేజీలు నింపక్కర్లేదు, రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఒక్క వరుస చాలు: తేదీ, కూర్చున్న సమయం, లేచిన సమయం, ఏ రచన, ఏ రకం పని, ఎక్కడ ఆగింది. పని రకానికి పొడి అక్షరాలు పెట్టుకోండి. సేకరణకు 'సే', చిత్తుప్రతికి 'చి', దిద్దుబాటుకు 'ది', సంపాదకులతో ఉత్తరాలకూ బిల్లులకూ 'ఉ'. అప్పుడు వరుస ఇలా ఉంటుంది: "12వ తేదీ, 7.10 నుంచి 8.25, చెరువుల వ్యాసం, చి, నాలుగో పేరా దగ్గర ఆగింది, సంవత్సరం దొరకలేదు."

ఈ వరుస కుర్చీలోంచి లేవకముందే రాయాలి. రాత్రికి వాయిదా వేస్తే ప్రతి పనీ 'ఓ గంట' అయిపోతుంది.

నెలాఖరున నాలుగు రకాలనూ విడివిడిగా కూడండి. మొత్తం 80 గంటల్లో చిత్తుకు 24, దిద్దుబాటుకు 22, సేకరణకు 20, ఉత్తరాలకు 14 వచ్చాయనుకుందాం. మీరు 'రాయడం' అనుకుంటున్నది 24 గంటలే, అంటే మూడో వంతు కూడా కాదు. అయితే అసలు చూడాల్సింది మొత్తాలను కాదు, వరుస క్రమాన్ని. ఒకే రచనకు సే, చి, సే, చి, సే అని అక్షరాలు మారుతూ కనిపిస్తే, సేకరణ పూర్తి కాకుండానే చిత్తు మొదలుపెట్టారన్నమాట. వివరం కోసం లేచి వెళ్ళిన ప్రతిసారీ, తిరిగొచ్చాక రాసిందంతా మళ్ళీ చదువుకోవాలి. కాలం తినేది ఆ చదువే. వివరం దొరకని చోట '×× సంవత్సరం' అని గుర్తు పెట్టి ముందుకు సాగండి. చిత్తు ముగిశాక ఆ గుర్తులన్నీ వెతికి ఒకే విడతలో పూరించండి. రచనలో మరెక్కడా రాని గుర్తును ఎంచుకోవాలి, లేకపోతే వెతికినప్పుడు ఒకటో రెండో తప్పిపోయి అచ్చులోకి వెళ్తాయి.

ప్రశ్న: రోజుకు 1,000 మాటలు రాయాలని నియమం పెట్టుకున్నాను. దిద్దే రోజుల్లో మాటలు తగ్గుతాయి కాబట్టి పని చేసినా చేయనట్టే కనిపిస్తోంది.

జవాబు: ఆ నియమం చిత్తు రాసే రోజులకే పెట్టుకోండి. దిద్దే రోజుకు కొలత నిమిషాలు, లేదా దిద్దిన పేజీలు. మాటల లెక్కకు పేరుపడిన ఆంగ్ల నవలాకారుడు ఆంటొనీ ట్రాలప్ గడియారం ఎదురుగా పెట్టుకుని 15 నిమిషాలకు 250 మాటలు రాసేవాడు. అయితే రోజూ రాతకు కూర్చునే మూడు గంటల్లో మొదటి అరగంట ముందురోజు రాసింది చదవడానికే కేటాయించేవాడు. ఆ అరగంట సంగతి చాలామంది వదిలేస్తారు.

తెలుగులో మరో చిక్కుంది. కంప్యూటర్ లెక్కపెట్టేది ఖాళీలను. 'రాయాల్సి వచ్చినప్పుడు' అంటే రెండు మాటలు, 'రాయాల్సివచ్చినప్పుడు' అంటే ఒకటి. రచన మారకుండానే లెక్క మారిపోతుంది. నెలకూ నెలకూ పోల్చాలంటే ఒకే అక్షర పరిమాణంలో, ఒకే అంచులతో పేజీలు లెక్కపెట్టడం మేలు.

ప్రశ్న: రచన మెరుగవుతోందో లేదో నెలలో తెలుసుకునే దారి ఉందా?

జవాబు: ఉంది, పైగా సమీక్షలో అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే. మీరు పంపిన ప్రతినీ, అచ్చయిన ప్రతినీ పక్కపక్కన పెట్టి ఒక్కో మార్పునూ పెన్సిల్‌తో గుర్తించండి. తప్పు సరిదిద్దింది, కుదించింది, చోటు మార్చింది అని మూడు రకాలు చాలు. నాలుగైదు రచనలు చూసేసరికి ఒకే మార్పు పదేపదే కనిపిస్తుంది. ప్రతి వ్యాసంలోనూ మొదటి పేరా ఎగిరిపోయిందంటే, మీ వ్యాసాలు నిజానికి రెండో పేరాతో మొదలవుతున్నాయి.

వాక్యం స్థాయిలో ఒక నమూనా. పంపింది: "వర్షం కురవడం ప్రారంభమైన కారణంగా కార్యక్రమాన్ని నిర్వహించడం జరగలేదు." అచ్చయింది: "వాన మొదలవడంతో కార్యక్రమం జరగలేదు." పోయింది మాటల బరువే, విషయం కాదు. ఈ నెల రచనలన్నిటిలో 'డం జరిగింది', 'యొక్క', 'మరియు' వెతికి ఎన్నిసార్లు వచ్చాయో రాసుకోండి. వచ్చే నెల అదే లెక్క మళ్ళీ తీయండి. నెలకు ఒక్క అలవాటునే పట్టుకోండి. ఐదు ఒకేసారి మార్చబోతే చిత్తు రాసేటప్పుడే చెయ్యి ఆగిపోతుంది.

ప్రశ్న: ఎన్ని గంటలు పడుతుందో ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తాను. గడువులన్నీ మీదపడుతున్నాయి.

జవాబు: ఇది మీ ఒక్కరి లోపం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీనికి 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టారు. ఎంత అనుభవం వచ్చినా అంచనా దానంతటదే సరి కాదు, గుణకం కావాలి. మూడు పనులకు మీ అంచనా 6, 8, 10 గంటలు, నిజంగా పట్టింది 9, 11, 16 అనుకోండి. 36ను 24తో భాగిస్తే 1.5. ఇకనుంచి మనసుకు తోచిన గంటలను ఒకటిన్నర రెట్లు చేశాకే గడువు ఒప్పుకోండి.

పారితోషికాన్నీ మొత్తం గంటలతో భాగించి చూడండి, 'ఉ' గంటలు వదలకుండా. ఒకే మొత్తం ఇచ్చే రెండు పనుల్లో ఒకటి 9 గంటల్లో ముగిసి, మరొకటి మూడు విడతల మార్పులతో 21 గంటలు పట్టొచ్చు. రెండో పని గంటకు సగం కూడా ఇవ్వడం లేదు. దానికి కారణం సాధారణంగా రచన కాదు, ముందు మాట్లాడుకోకపోవడం. పని ఒప్పుకునే ఉత్తరంలోనే నిడివి, గడువు, ఎన్ని విడతల మార్పులు, డబ్బు ఏ తేదీకి అన్నవి రాయించుకోండి. రెండు విడతలు సబబు.

ప్రశ్న: సగంలో ఆగిన చిత్తులు పదకొండు ఉన్నాయి. పారేయాలా?

జవాబు: పారేయకండి. ఒక్కోదాని పైన ఆగడానికి కారణం ఒక వాక్యంలో రాయండి. 'వివరం లేదు' అన్నవాటికి ఆ వివరం ఎక్కడ దొరుకుతుందో రాసి, వచ్చే నెలకు రెండింటినే ఎంచుకోండి. 'చెప్పేదేమిటో తెలియదు' అన్నవాటిని వేరే ఫోల్డర్‌లోకి మార్చండి. మూడు నెలల తర్వాత తెరిచి చూస్తే, వాటిలో రెండు మూడు నిజానికి ఒకే వ్యాసపు ముక్కలని తేలడం మామూలే.