రాళ్లు కట్టినా చెరువులో కొమ్మల మోపులు ఎందుకు కొట్టుకుపోతున్నాయి?

ప్రశ్న: చేపలు ఒకచోట చేరతాయని ఎండు కొమ్మలను మోపులుగా కట్టి చెరువులో వేశాను. ఒక్కో మోపు 30 కిలోలు. దానికి 35 కిలోల బండరాళ్లు జనపనార తాడుతో కట్టాను. వేసినప్పుడు మునిగాయి. నెల తిరగకముందే గాలివానకు రెండు మోపులు తూము దగ్గరికి కొట్టుకొచ్చాయి. కొమ్మల కన్నా రాళ్లే బరువు కదా, ఎలా కదిలాయి? మళ్లీ వేయాలంటే ఏం చేయాలి?

జవాబు: మీరు రాళ్లను గట్టు మీద తూచారు. అవి పనిచేయాల్సింది నీళ్లలో. పొరపాటు అక్కడే జరిగింది. నీళ్లలో మునిగిన రాయి తాను తొలగించిన నీటి బరువు మేర తేలికవుతుంది. మీ 35 కిలోల నల్లరాయి మునిగాక సుమారు 22 కిలోల రాయిలాగే పనిచేస్తుంది. ఇక ఎండు కర్ర సంగతి చూడండి. 30 కిలోల కొమ్మలు దాదాపు 50 లీటర్ల నీటిని తొలగిస్తాయి. అంటే మోపు 20 కిలోల బలంతో పైకి లేవాలని చూస్తుంది. రాయి 22 కిందికి, కర్ర 20 పైకి. మీ మోపును అడుగున పట్టి ఉంచింది మిగిలిన ఆ రెండు కిలోలే. ఒక్క అల గట్టిగా తగిలినా, ఒక్క రాయి జారినా అది ఆగదు.

పైకి లేచే బలానికి రెట్టింపు బరువు నీళ్లలో మిగిలేలా కట్టండి. మీ మోపుకైతే 65 కిలోల నల్లరాయి కావాలి. కాంక్రీటు దిమ్మెలైతే అవి ఇంకాస్త ఎక్కువ తేలికవుతాయి కాబట్టి 70 కిలోలు పెట్టండి. ఇటుకలు వద్దు, అవి నీళ్లలో మరీ తేలికవుతాయి. ఇంకో ఉపాయం ఉంది. కొమ్మలను ముందుగా రెండు మూడు వారాలు ఒడ్డున నీళ్లలో నానేయండి. కర్ర నీరు పీల్చిన కొద్దీ పైకి లేచే బలం తగ్గుతుంది. మోపును లోతుకు తీసుకెళ్లే ముందు నడుము లోతు నీళ్లలో దించి కాలితో గట్టిగా తోయండి. పక్కకు దొర్లిందంటే బరువు చాలలేదని అర్థం.

వెదురు వాడేటట్లయితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. కణుపుల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది, అది మోపును గట్టిగా పైకి లాగుతుంది. ప్రతి కణుపు మధ్య ఒక బెజ్జం పెట్టండి, లేదా నిలువునా చీల్చి బద్దలుగా వాడండి. ప్లాస్టిక్ పైపులకూ ఇదే వర్తిస్తుంది. రెండు చివర్లూ మూసుకుపోతే అవి తెప్పల్లా తేలతాయి. నాకు బాగా నచ్చే పద్ధతి ఒకటి చెబుతాను. పాత బకెట్‌లో కాంక్రీటు పోసి, పచ్చిగా ఉండగానే వెదురు బద్దలను పైకి విచ్చుకునేలా గుచ్చండి. వారం పది రోజులు తడుపుతూ గట్టిపడనిచ్చాక దించితే అది అడుగున పొదలా నిలబడుతుంది. తాడు, ముడి అవసరమే ఉండదు.

జనపనార తాడు నీళ్లలో కొన్ని నెలల్లోనే కుళ్లిపోతుంది. నైలాన్ తాడు వాడండి. అది మునుగుతుంది, కుళ్లదు. కానీ తడిస్తే ముడి జారుతుంది కాబట్టి రెండు ముడులు వేసి కొసను మళ్లీ చుట్టి కట్టండి. కొన్ని ప్లాస్టిక్ తాళ్లు నీటిపై తేలతాయి. వాటి కొసలు వదులుగా ఉంటే పడవ మోటారు రెక్కలకు, వలలకు చుట్టుకుంటాయి. గుండ్రటి రాయికి తాడు నిలవదు, మీ రాయి కూడా జారే ఉంటుంది. బెజ్జం ఉన్న కాంక్రీటు దిమ్మె లోంచి తాడు దూర్చి కట్టడమే నమ్మకం. బరువు మోపు మధ్యలో కాకుండా మొదళ్ల వైపు కట్టండి. అప్పుడు కొమ్మలు పైకి నిలుస్తాయి.

ఎక్కడ వేయాలన్నది కూడా ముఖ్యమే. వేసవిలో లోతైన చెరువుల అడుగున ప్రాణవాయువు ఉండదు. అక్కడ ఎంత మంచి మోపు వేసినా చేప నిలవదు. రెండు నుంచి నాలుగు మీటర్ల లోతు చాలు. నీళ్లు బాగా తగ్గినప్పుడు కూడా మోపు పైన పడవ తిరిగేంత నీరు ఉండాలి. తూముకూ అలుగుకూ దూరంగా వేయండి. వేసే ముందు పొడవాటి కర్రతో అడుగు పొడిచి చూడండి. కర్ర మెత్తగా దిగిపోతే అక్కడ బురద ఉంది, బరువు కూరుకుపోతుంది. టక్కున తగిలే చోటు మంచిది. ఏటవాలుగా ఉన్న చోట మాత్రం మోపు జారుతుంది. ఉమ్మడి చెరువైతే నిర్వహించేవారి అనుమతి ముందే తీసుకోండి.

నెల రోజుల తర్వాత ఒక కొమ్మ పైకి తీసి వేలితో రుద్దండి. జారుడుగా ఆకుపచ్చ, గోధుమ రంగు పాకుడు అంటుకుంటుంది. దాన్ని కాస్త నీళ్లున్న తెల్ల గిన్నెలో విదిలిస్తే చిన్న పురుగులు, రొయ్య పిల్లలు కదులుతూ కనిపిస్తాయి. రోహు ఆ పాకుడును గీకి తింటుంది. పురుగుల కోసం చిన్న చేపలు, వాటి కోసం కొర్రమీను వస్తాయి. ఆఫ్రికాలోని బెనిన్ దేశంలో మత్స్యకారులు లోతు తక్కువ ఉప్పుటేరుల్లో కొమ్మలు పాతి తిలాపియా పట్టే 'అకాజా' పద్ధతి కూడా ఇలాంటిదే. బొచ్చె మాత్రం ఎక్కువగా పైనీటిలో మేస్తుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. కొమ్మల వల్ల చేపలు ఒకచోట చేరతాయే తప్ప వాటి సంఖ్య ఒక్కసారిగా పెరగదు. అక్కడే రోజూ వల వేస్తే చెరువు త్వరగా ఖాళీ అవుతుంది.

టైర్లు, రంగు వేసిన చెక్క, చెదల మందు పూసిన కర్ర, పాత వలలు వేయకండి. వలల్లో చేపలు చిక్కుకుని చస్తూనే ఉంటాయి. పచ్చి ఆకుల కొమ్మలైతే ఆకులు దూసేయండి, అవి కుళ్లి ప్రాణవాయువును తినేస్తాయి. మీరు లాగుడు వల వేసేవారైతే మోపులన్నీ చెరువుకు ఒక పక్కనే వేసి, గట్టు మీది గుర్తులు రాసుకోండి.

మోపును దించేటప్పుడు పడవలో ఇద్దరుండాలి, ఒంటికి లైఫ్ జాకెట్ ఉండాలి. 65 కిలోలూ ఒకేసారి విసిరితే పడవ బోల్తా పడుతుంది. తాడు చుట్టల్లో కాలు పెట్టకుండా మెల్లగా వదలండి. ఈ పని మొదలుపెట్టే ముందే తూము దగ్గర చేరిన ఆ రెండు మోపులను ఒడ్డుకు లాగేయండి. తాడు కోసి వదిలేస్తే కర్రలు తూములో ఇరుక్కుంటాయి.