డోసు మారలేదు, షుగర్ మాత్రం ఒకరోజు 300, ఒకరోజు 80: ఇన్సులిన్ వేసే చోటు చూడండి

మీ అమ్మగారు రోజూ బొడ్డు పక్కన ఒకే చోట ఇన్సులిన్ వేసుకుంటున్నారని రాశారు. షుగర్ ఇలా ఎగుడుదిగుడు కావడానికి చాలావరకు కారణం అదే. అక్కడ చర్మం కింద కొవ్వు గడ్డకడుతుంది. ఆ గడ్డలోంచి మందు ఒకరోజు నెమ్మదిగా, ఇంకోరోజు గబగబా ఎక్కుతుంది. పైగా అక్కడ సూది నొప్పి అంతగా తెలియదు, అందుకే చెయ్యి మళ్లీ అటే పోతుంది.

1. గడ్డ కంటికి కనపడకపోవచ్చు. వేళ్లకు సబ్బునీళ్లు రాసుకుని పొట్టంతా తడమండి. రబ్బరులా తగిలే చోటు చుట్టూ పెన్నుతో గీయండి. అక్కడ ఇక సూది వద్దు.

2. అందరూ మర్చిపోయేది ఇది: చోటు మార్చే ముందే డాక్టరుకు చెప్పండి. మంచి చర్మంలో మందు బాగా ఎక్కుతుంది, పాత డోసే వేస్తే షుగర్ పడిపోవచ్చు. ఎంత తగ్గించాలో వాళ్లే చెప్పాలి. మొదటి రెండు వారాలు టిఫిను, భోజనాల ముందు, పడుకునే ముందు షుగర్ చూడండి. 70 లోపు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

3. పొట్టను నాలుగు భాగాలనుకుని వారానికొకటి వాడండి. సూదికీ సూదికీ మధ్య కనీసం వేలి వెడల్పు ఎడం.

4. ప్రతిసారీ కొత్త సూది. ఇన్సులిన్ పెన్ను అయితే బటన్ పూర్తిగా నొక్కాక 10 లెక్కపెట్టి తీయండి.

గడ్డ తగ్గడానికి నెలలు పడుతుంది. ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం వెంటనే చూపించండి.