టు-లెట్ బోర్డు కింద నిలబడి

ఈ వారం ఉత్తరాల్లో సగానికి పైగా అద్దె ఇళ్ల మీదే వచ్చాయి. బీపీ మాత్రల గురించి, కోడళ్ల గురించి అడిగినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: రెండు బెడ్‌రూముల పోర్షన్‌లో నాలుగేళ్లుగా ఉంటున్నాం, అద్దె 18 వేలు. పదకొండు నెలల అగ్రిమెంటు పోయిన నెలతో అయిపోయింది. నిన్న ఓనర్ గారు మెట్ల మీద కనబడి ‘వచ్చే నెల నుంచి 24 ఇవ్వండి, లేదంటే మా అమ్మాయి వాళ్లు వస్తున్నారు, ఖాళీ చెయ్యండి’ అన్నారు. మా పిల్లాడు పదో తరగతి. ఇలా ఇష్టమొచ్చినట్టు పెంచకుండా ఆపే చట్టమే లేదా?
– ఒక గృహిణి, నిజాంపేట

చట్టం ఉందమ్మా. అది మీకు వర్తించదు, అంతే.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం తెలంగాణలో ఇప్పటికీ బతికే ఉంది. న్యాయమైన అద్దె ఎంతో తేల్చడానికి రెంట్ కంట్రోలర్ ఉంటాడు, సరైన కారణం చూపకుండా ఖాళీ చేయించడం కుదరదు, చదువుతుంటే కడుపు నిండిపోతుంది. 2005లో దానికొక సవరణ తెచ్చారు. కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటినా, మిగతా చోట్ల 2,000 దాటినా ఆ ఇల్లు చట్టం కిందికి రాదు. ఆ అంకె ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ రోజు హైదరాబాద్‌లో 3,500కి ఏమొస్తుందో మీకు నేను చెప్పాలా? బైకు పెట్టుకునే జాగా రావచ్చు.

అంటే మీరు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందకొస్తారు. అగ్రిమెంటు అయిపోయాక కూడా ఓనర్ అద్దె తీసుకుంటూ ఉంటే మీది నెలనెలా సాగే అద్దె కింద లెక్క, వేరే ఒప్పందం లేకపోతే పదిహేను రోజుల నోటీసు ఇచ్చి దాన్ని ముగించొచ్చు. మెట్ల మీద అన్న మాట నోటీసు కాదు, అది రాతలో ఉండాలి. నోటీసు ఇచ్చినా మీరు కదలకపోతే ఆయన కోర్టుకు వెళ్లాల్సిందే గానీ సామాను బయట పడేయడం, కరెంటు తీసేయడం, మోటారు ఆపేయడం కుదరదు. బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల్లోపు కోర్టులో దావా వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు. ఇవన్నీ కాగితం మీద హక్కులు. పదో తరగతి పిల్లాణ్ని పెట్టుకుని కోర్టు మెట్లెక్కమని నేను చెప్పను. 20,500 దగ్గర బేరం మొదలుపెట్టి, పరీక్షలయ్యే దాకా ఖాళీ చేయమని అడగననీ, ఏటా ఎంత శాతం పెంచుతారో కూడా అగ్రిమెంటులో రాయించుకోండి. ఇక ఆ అమ్మాయి సంగతంటారా, ఓనర్ల అమ్మాయిలందరూ నిజంగా వచ్చి కాపురం పెట్టి ఉంటే ఈపాటికి ఊళ్లో ఒక్క టు-లెట్ బోర్డు మిగిలేది కాదు.

2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం ఆమోదించింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, ఇంటికి అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదు, ఇంట్లోకి రావాలంటే ఓనర్ 24 గంటల ముందు చెప్పాలి. బాగానే ఉంది. అయితే అది నమూనా, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే మీ గుమ్మం దాకా వస్తుంది.

ప్రశ్న: ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ అని కోసేశారు. మేమున్నది పద్నాలుగు నెలలే. ఇది రూలా?
– ఉద్యోగి, మియాపూర్

రూలు కాదు, అలవాటు. అదే 1882 చట్టంలో, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల పోను ఇల్లు ఇచ్చినట్టే తిరిగి అప్పజెప్పాలని ఉంది. గోడ రంగు వెలవడం వాడకమే. మీవాడు గోడంతా క్రేయాన్స్‌తో ఏనుగులు గీసి ఉంటే అది వేరే. కాకపోతే మీ అగ్రిమెంటు రెండో పేజీ ఓసారి చూడండి, ‘ఒక నెల అద్దె పెయింటింగుకు’ అని అందులో ఉండి కింద మీ సంతకం కూడా ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. చాలామందికి ఉంటుంది. స్టాంపు పేపరు షాపువాడి దగ్గరున్న నమూనాలోనే ఉంటుంది ఆ లైను. ఈసారి తాళాలు తీసుకున్న రోజే ఇల్లంతా వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి.

ప్రశ్న: మా అమ్మ ఇళ్లలో పనిచేస్తుంది. అమీర్‌పేట దగ్గర రేకుల గదిలో ఉండేవాళ్లం, 6 వేలు అద్దె. ఇప్పుడు కొల్లూరులో సర్కారు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చింది. ఇల్లు చాలా బాగుంది, లిఫ్టు కూడా ఉంది. కానీ అమ్మ పొద్దున ఆరింటికి ఎస్‌ఆర్ నగర్‌లో ఉండాలి. ఇది అద్దెకిచ్చేసి మేం మళ్లీ ఆ గదికే వెళ్లిపోవచ్చా?
– ఇంటర్ విద్యార్థి

వద్దు బాబూ. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, తనిఖీలో దొరికితే కేటాయింపే రద్దవుతుంది. ఈ ముక్క రాస్తున్నప్పుడు మాత్రం నాకు బాధగానే ఉంది, ఎందుకంటే మీ ఆలోచనలో తప్పేమీ లేదు.

కొల్లూరులో 15,660 ఇళ్లు ఒక్కచోటే కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. 560 చదరపు అడుగుల ఇల్లు, లబ్ధిదారు పైసా కట్టనక్కర్లేదు. అంత జాగా ఊరి నడుమ ఎక్కడ దొరుకుతుంది, ఔటర్ పక్కనే దొరుకుతుంది. మీ అమ్మగారి పని మాత్రం అక్కడికి రాలేదు. బస్సులో ఆడవాళ్లకి టికెట్ లేదు, సరే, పోయే టైముకి ఎవరు లెక్క కడతారు? ఆరింటికి ఎస్‌ఆర్ నగర్‌లో గిన్నెల దగ్గర ఉండాలంటే ఆవిడ ఎన్నింటికి లేవాలో మీకు తెలుసు. ఆంధ్రలో 2020 డిసెంబరులో పేదలకు పంచిన సెంటు ఇంటి స్థలాల దగ్గరా చాలా చోట్ల ఇదే ఇబ్బంది. సెంటంటే 48 గజాల చిల్లర, అదీ ఊరి చివర.

నాకు తోచింది ఒకటి చెబుతాను. తెల్లాపూర్, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లు మీకు దగ్గర, అక్కడ పనివాళ్ల కోసం వాచ్‌మన్ల దగ్గర చెప్పి పెట్టుకుంటారు. పాత ఇళ్లు ఒక్కసారిగా మానేయొద్దని, అక్కడ రెండు ఇళ్లు కుదిరాకే ఇక్కడ రెండు వదలమని అమ్మకి చెప్పు. ఇంకో మాట, మీ రేకుల గది అద్దె 6 వేలు అన్నావు చూడు, పైన నిజాంపేట ఆవిడకి చెప్పిన 3,500 లెక్కలో అది కూడా పట్టదు. రేకుల గదిలో ఉన్నవాళ్లనీ ఆ చట్టం ధనవంతుల కింద చూస్తోంది.

ప్రశ్న: 80ల్లో మా నాన్నగారికి కేపీహెచ్‌బీలో, అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, ఎల్‌ఐజీ (తక్కువ ఆదాయం వాళ్ల) ఇల్లు అలాట్ అయింది. చిన్న జీతం, వాయిదాలు కట్టడానికి అమ్మ గాజులు రెండుసార్లు తాకట్టుకెళ్లాయి. దాన్ని పడగొట్టి ఇప్పుడు నాలుగంతస్తులు వేశాం, రెండు ఫ్లోర్లు హాస్టల్ వాళ్లకిచ్చాం. మీ కాలమ్‌లో ఎప్పుడు చూసినా ఓనర్లంటే దొంగలే. మేం చేసిన తప్పేంటో చెప్పండి.
– రిటైర్డ్ ఉద్యోగి, కూకట్‌పల్లి

మీరు తప్పు చేశారని నేను ఎప్పుడూ అనలేదండీ. 90ల మొదట్లో నేనూ ఆ కాలనీలోనే ఒక ఎల్‌ఐజీలో మూడేళ్లు అద్దెకున్నాను. ముందు నాలుగు గజాల జాగా, అందులో ఒక కరివేపాకు మొక్క, గేటు నుంచి కిటికీ ఊచకి కట్టిన బట్టల తీగ, గోడ మీద నల్ల పెయింటుతో ఇంటి నంబరు. వెనక వీధి ఎంఐజీ వాళ్లకి స్కూటర్లుండేవి, హెచ్‌ఐజీ వాళ్లకి ఫియట్లుండేవి, మాకు చెప్పులుండేవి. మా ఓనర్ కూడా మీ నాన్నగారి లాంటివారే, కరెంటు బిల్లు మీద పది పైసలు కూడా ఎక్కువ తీసుకునేవారు కాదు.

అసలు ఈ ఊళ్లో ప్రభుత్వం ఇళ్లు కట్టడం చాలా పాత సంగతి. 1908లో మూసీ వరద ఊరిని ఊడ్చేశాక, 1912లో నిజాం సర్కారు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది, ఇరుకు బస్తీలు తీసేసి పేదలకు ఇళ్లు కట్టింది. సీఐబీ క్వార్టర్స్ అన్న పేరు పాత హైదరాబాదీల నోట ఇంకా వింటాం. 1952లో కేంద్రం ఫ్యాక్టరీ కార్మికులకు సబ్సిడీతో అద్దె ఇళ్లు కట్టే పథకం తెచ్చింది. అద్దె అన్న మాట గమనించండి. తర్వాత దేశంలో చాలా చోట్ల అందులో ఉన్నవాళ్లకే అవి అమ్మేశారు. ఇక హౌసింగ్ బోర్డు పేరు చెబితే మనకు గుర్తొచ్చేవి బాగ్‌లింగంపల్లి, వెంగళరావునగర్, కేపీహెచ్‌బీ లాంటి కాలనీలు, వాయిదాల మీద సొంతానికి ఇచ్చిన ఇళ్లు. మీ నాన్నగారిలాంటి వేలమందికి నీడ దొరికింది, మంచిదే. కానీ అమ్మిన ఇల్లు ఒక్క కుటుంబానికే పనికొచ్చింది. అదే ఇల్లు బోర్డు చేతిలో ఉండి తక్కువ అద్దెకు తిరుగుతూ ఉంటే ఈ నలభై ఏళ్లలో నాలుగు కుటుంబాలు అందులో నిలదొక్కుకుని బయటికొచ్చేవి.

తర్వాత వచ్చిన పథకాలదీ అదే దారి. 2007లో రాజీవ్ స్వగృహ అన్నారు, అమ్మడానికే. పోచారంలో, బండ్లగూడలో ఆ టవర్లు ఏళ్ల తరబడి మొండిగోడలతో నిలబడి, చివరికి 2022లో లాటరీ తీసి అమ్మారు. ఇప్పటి ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు ఇస్తున్నారు, ముందు వరస సొంత జాగా ఉన్నవాళ్లది. జాగా లేనివాళ్ల జాబితా ఇంకోటి. ఎవరు వచ్చినా ‘మిమ్మల్ని సొంతింటివాళ్లని చేస్తాం’ అంటారు తప్ప, ‘అద్దెకున్న నాలుగేళ్లూ మర్యాదగా ఉండనిస్తాం’ అన్నవాళ్లని నేనింకా చూడలేదు. ఇప్పుడు బోర్డు చేస్తున్నదేంటో మీ కాలనీలోనే చూశారు కదా, 2025 ఆగస్టులో నాలుగో ఫేజ్‌లో ఏడెకరాల పైచిలుకు వేలం వేస్తే ఎకరం 70 కోట్లు పలికింది. ఆ ధరకి కొన్నవాడు అక్కడ ఎల్‌ఐజీ కడతాడా?

మీ హాస్టల్ ఫ్లోర్లలో గదికి ఎన్ని మంచాలేశారో మాత్రం ఓసారి పైకెళ్లి చూసి రండి.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఈస్ట్‌హామ్‌లో ఒక గదికి నెలకు 750 పౌండ్లు, మన డబ్బుల్లో ఎనభై వేల పైనే. అది ఒకప్పటి కౌన్సిల్ ఫ్లాటట, అంటే గవర్నమెంటు ఇల్లేగా, అంత అద్దె ఏంటి? వాడు కూడా కౌన్సిల్ ఇంటికి అప్లై చేసుకోవచ్చా? ఆ డబ్బుతో ఇక్కడ కూకట్‌పల్లి వైపు ఒక ఫ్లాట్ కొని అద్దెకిస్తే నయం కదా అని మావారు అంటున్నారు.
– ఒక తల్లి, ఖమ్మం

స్టూడెంట్ వీసా మీద కౌన్సిల్ ఇల్లు రాదమ్మా, ఆ ఆశ వదిలేయండి.

‘ఒకప్పటి’ అన్నారు చూడండి, కథంతా ఆ మాటలోనే ఉంది. 1980కి ముందు బ్రిటన్‌లో దాదాపు మూడోవంతు కుటుంబాలు కౌన్సిల్ ఇళ్లలో, అంటే అక్కడి మున్సిపాలిటీల ఇళ్లలో, తక్కువ అద్దెకు ఉండేవి. థాచర్ ప్రభుత్వం 1980లో చట్టం తెచ్చి, ఉంటున్న ఇంటిని ఉంటున్నవాళ్లే కొనుక్కోవచ్చంది, మూడోవంతు నుంచి సగం దాకా డిస్కౌంటు ఇచ్చి మరీ. ఇంగ్లండ్‌లోనే 20 లక్షల దగ్గర ఇళ్లు అలా పోయాయి. అమ్మిన డబ్బంతా కొత్త ఇళ్లకు పెట్టే వీలు కౌన్సిళ్లకు ఇవ్వలేదు. కొన్నవాళ్లు తర్వాత అమ్ముకున్నారు, వాటిలో చాలా ఇళ్లు ప్రైవేటు ఓనర్ల చేతికి వెళ్లాయి. కూకట్‌పల్లి పెద్దాయన ఎల్‌ఐజీకీ మీవాడి గదికీ మధ్య సముద్రాలే అడ్డం గానీ కథ ఒకటే. స్కాట్లండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ అమ్మకాలు ఆపేశాయి.

అబ్బాయికి మాత్రం ఇవి చెప్పండి. అక్కడ అడ్వాన్స్ ఐదు వారాల అద్దె మించకూడదు, మీ లెక్కన 865 పౌండ్ల దగ్గర. దాన్ని ఓనర్ 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టాలి. ఆరు నెలల అద్దె ముందే కట్టించుకునే పద్ధతిని 2025లో వచ్చిన చట్టం 2026 మే 1 నుంచి ఆపేసింది, కారణం చెప్పకుండా ఖాళీ చేయించడాన్నీ తీసేసింది. కానీ ఓనర్ అదే ఇంట్లో ఉంటే అడ్వాన్స్‌కి ఆ స్కీము రక్షణ ఉండదు. మనవాళ్లే ఇల్లు తీసుకుని, గదులు మనవాళ్లకే చేతి మాట మీద ఇచ్చి, తర్వాత అడ్వాన్స్ అడిగితే ఫోన్ ఎత్తని కేసులు నాకు చాలా ఉత్తరాల్లో వచ్చాయి. పేరు మీద కాగితం లేకుండా ఒక్క పౌండు ఇవ్వొద్దనండి. ఒకే ఇంట్లో వేర్వేరు కుటుంబాల వాళ్లు ఐదుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ ఇంటికి లైసెన్సు కావాలి, అదీ అడగమనండి.

ఇక మీవారి ఆలోచన. 80 లక్షల ఫ్లాటుకి 20 వేల అద్దె వస్తే ఏడాదికి 2 లక్షల 40 వేలు, అంటే మూడు శాతం. లోను తీసుకుంటే వడ్డీ అంతకు రెట్టింపు దాటుతుంది. ధర పెరుగుతుందన్న నమ్మకం మీదే ఈ కొనుగోలంతా, ఆ నమ్మకానికి నేను హామీ ఉండను. అయినా కొంటామంటారా, సరే. మొదటి ఉత్తరం రాసిన ఆవిడ ఆ చుట్టుపక్కలే ఇల్లు చూసుకుంటారు, నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్న కుటుంబం. వాళ్లకే ఇవ్వండి, పెయింటింగ్ డబ్బులు మాత్రం కోయకండి.