మన అడవికి కష్టకాలం ఎండాకాలమే

బెంగళూరు

అమ్మలూ,

ఆశీస్సులు. యూకేజీ పిల్లలకి కాలాల పాఠం చెప్పాలి, అడవి జంతువుల గురించి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా అని రాశావు. ముప్పయ్యేళ్లు చిన్న క్లాసులకే చెప్పాను కదా, నాకు తోచింది రాస్తున్నా.

ముందు ఆ మంచు బొమ్మల చార్టు తీసి పక్కన పెట్టు. నేనూ మొదట్లో దాన్ని చూపించే చెప్పేదాన్ని. చలికాలం రాగానే ఎలుగుబంటి గుహలో పడుకుంటుందని. ఒకరోజు ఒక పాప లేచి, "టీచర్, మన ఊరి పక్క బన్నేరుఘట్ట అడవిలో మంచు ఎప్పుడు పడుతుంది?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఎలుగుబంటి చలికాలమంతా నిద్రపోదు. తల్లి ఎలుగు గుహలో ఉందంటే పిల్లల్ని కని పాలు ఇస్తోందన్నమాట. బయటికి వచ్చేటప్పుడు వాటిని వీపు మీద ఎక్కించుకుని వస్తుంది.

మన అడవిలో కష్టమంతా ఎండాకాలంలోనే. అక్కడే మొదలుపెట్టు. ఆకులు రాలిపోతాయి, వాగులు ఎండిపోతాయి. అప్పుడు ఏనుగు ఏం చేస్తుంది? చెలమ తవ్వుతుంది. చిన్నప్పుడు మీ అమ్మా నేనూ పెన్న ఇసుకలో చేతుల్తో తవ్వి, నీళ్లు ఊరేదాకా పక్కనే కూర్చునేవాళ్లం. ఏనుగూ అంతే, కాలితో, తొండంతో ఇసుక తోడుతుంది. అది తాగి వెళ్లాక మిగతా జంతువులు వచ్చి తాగుతాయి. ఒక టబ్బులో అడుగున నీళ్లు పోసి, పైన ఇసుక నింపి, పిల్లల చేతే తవ్వించు. వేళ్లకి తడి తగలగానే వాళ్ల ముఖాలు చూడు!

మైసూరు దాటాక కబిని జలాశయం ఉంది. వేసవిలో నీళ్లు వెనక్కి తగ్గిన చోట పచ్చగడ్డి మొలుస్తుంది. నాగరహొళె, బండీపుర అడవుల ఏనుగులు గుంపులుగా అక్కడికి వస్తాయి. వీలైతే ఆ ఫొటో ఒకటి చూపించు.

కొండముచ్చు, చుక్కల దుప్పి స్నేహం మాత్రం తప్పకుండా చెప్పు. కింద గడ్డి ఎండిపోయినప్పుడు, చెట్టు మీద కొండముచ్చు సగం తిని పడేసిన ఆకులూ కాయలూ దుప్పులు ఏరుకుని తింటాయి. పులి కనబడితే ఎవరు ముందు చూస్తే వాళ్లు అరుస్తారు.

తొలకరి రోజుకి బోదురుకప్పని అట్టే పెట్టుకో. ఎండలన్నాళ్లూ మట్టిలోకి దూరి కదలకుండా ఉంటుంది. వాన పడగానే పైకి వస్తుంది. మగకప్ప ఒంటికి పసుపు రాసుకున్నట్టు ఉంటుంది, గొంతు కింద రెండు నీలం బుడగలు ఉబ్బించి అరుస్తుంది. ఆ అరుపు నువ్వే అరిచి చూపించాలి, సిగ్గుపడకు.

వానలు తగ్గే రోజుల్లో నెమలి పింఛం ఈకలు వాటంతట అవే రాలిపోయి, మళ్లీ కొత్తవి వస్తాయి. చలికాలానికి హిమాలయాలు దాటి మన చెరువులకి వచ్చే బాతుల సంగతి ఒక్క ముక్కలో చెబితే చాలు.

ఎవరో ఒకరు అడుగుతారు, నీళ్లు దొరక్కపోతే ఏమవుతుందని. అబద్ధం చెప్పకు. కొన్ని చనిపోతాయని మెల్లగా చెప్పి, ఆ బిడ్డని దగ్గర కూర్చోబెట్టుకో.

ఇసుక బాగా జల్లించాకే టబ్బులో పోయాలి, రాళ్లుంటే చేతులు గీసుకుంటాయి. పిల్లలు వేసిన బొమ్మలు నాకు పంపు.

మీ పెద్దమ్మ