డ్రాయింగులు క్లౌడ్‌లోకి పోతే బిడ్డ ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా బిడ్డ నల్లగొండలో సివిల్ డిప్లొమా చేసింది. హైదరాబాద్‌లో భవనాల నిర్వహణ చూసే ఒక ఫెసిలిటీస్ మేనేజ్‌మెంట్ కంపెనీలో బిల్డింగ్ డ్రాయింగులు సరిచేసే ఉద్యోగం వచ్చింది. సాఫ్ట్‌వేర్ అంతా క్లౌడ్‌లోనే, అంటే ఇంటర్నెట్ మీద ఎక్కడో ఉన్న సర్వర్లలోనే ఉంటుందట. రేపు డ్రాయింగ్ పని కూడా అదే చేసుకుంటుందని, అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సు చేయించమని మా బావమరిది అంటున్నాడు. ఫీజుకు పొలం మీద అప్పు తెద్దామనుకుంటున్నా. ఏది మంచిది?

జవాబు: క్లౌడ్ అనే మాట వినగానే కింద మనిషి పని అయిపోయిందని భయపడే తండ్రులు నా దగ్గరికి చాలామందే వస్తారు. ముందు మీ బిడ్డ చేయబోయే పనేంటో చూడండి.

పెద్ద ఆస్పత్రో, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఉన్నలాంటి మందుల ఫ్యాక్టరీయో అనుకోండి. ఏ గది ఎన్ని చదరపు అడుగులు, ఏ డిపార్ట్‌మెంటుది, ఏసీ సర్వీస్ ఎప్పుడైంది అనే పద్దు అంతా క్లౌడ్‌లో ఉంటుంది. ఆర్కిబస్ లాంటి సాఫ్ట్‌వేర్లు చేసేది ఇదే. గోడ మారితే మీ బిడ్డ గీత మార్చేది మాత్రం తన ముందున్న కంప్యూటర్లోనే, ఆటోక్యాడ్, రెవిట్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లలో. ఇంకొకరు అదే సమయంలో ముట్టకుండా ఫైలును తన పేరు మీద దించుకుని, మార్చి, గది నంబర్లు పద్దుతో సరిచూసి మళ్లీ ఎక్కించాలి.

20 అడుగులకు 15 అడుగుల గది 300 చదరపు అడుగులు. మధ్యలో చెక్క పార్టిషన్ పెట్టి రెండు చేశారు, డ్రాయింగ్ మార్చలేదు. ఇక ఏసీ పాడైందని కంప్లయింట్ పెడితే మెకానిక్‌కు ఎటు పోవాలో తెలియదు. గది చుట్టూ గీసిన గీత ఎక్కడో వెంట్రుకంత కలవకపోయినా విస్తీర్ణం రాదు. అంగుళాల్లో గీసినదాన్ని మిల్లీమీటర్లనుకుంటే లెక్క 645 రెట్లు తగ్గి, అదే గది అర చదరపు అడుగు కూడా ఉండదు. ఇవి పట్టుకోవాలంటే గది ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కావాలి.

క్లౌడ్ కోర్సు మీద నాకున్న అనుమానం దాచను. సర్వర్లు, నెట్‌వర్కులు, లినక్స్ ముందే తెలిసినవాళ్లకు అది మంచి దారే. మూడేళ్లు ప్లాన్లు, సర్వే నేర్చుకున్న పిల్లను మూడు నెలల కోర్సుకు పంపితే కంప్యూటర్స్ బీటెక్ వాళ్ల వెనక వరుసలో నిలబెట్టినట్టే. అలా పోయిన ఒకమ్మాయి కోర్సు అయిపోయి ఏడు నెలలైనా ఇంట్లో "ఇంకా క్లాసులు జరుగుతున్నాయి" అని చెప్పి, హాస్టల్లోనే ఉండిపోయింది. నా ముందు కూర్చుని ఏడ్చింది.

ఒక మాట గట్టిగా అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో బావమరిది మాట ఉంది, పొలం మాట ఉంది. బిడ్డ ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఉద్యోగం తెచ్చుకున్నది ఆమె. ఆమెను అడగకుండా అప్పు గురించి ఎలా ఆలోచించారు?

టెన్షన్ పడకుండా చేరనివ్వండి. మొదటి ఏడాది ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టిన మార్పులు వేస్తూ విసుగొస్తుంది, నిజమే. కొలతలకు సైటుకు పంపుతారా, పద్దు వైపు పని కూడా నేర్పిస్తారా అని చేరేముందు అడగమనండి. ఈ ఆదివారం మీ ఇంటినే కొలిచి, గది గదికీ నంబరు వేసి ప్లాను గీయమనండి. టేపు అవతలి కొస మీరు పట్టుకోండి.