గార్డియన్ లేరు, డబ్బు మాత్రం పిల్లవాడిదే

డబ్బు సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా వారు మూడు నెలల క్రితం చనిపోయారు. ఏడేళ్ల బాబు పేరు మీద, ఆయన గార్డియన్‌గా, ఒక సేవింగ్స్ ఖాతా, రెండు లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. స్కూలు ఫీజు కోసం బ్యాంకుకు వెళితే కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. తేవాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అక్కర్లేదు. వారసత్వ పత్రం చనిపోయినవారి సొమ్ముకు. ఈ సొమ్ము మీ వారిది కాదు, బాబుది. ఖాతాదారు నిక్షేపంగా ఉన్నాడు, వాడి తరఫున సంతకం పెట్టే మనిషి మారాలి, అంతే. అందుకే కౌంటర్ దగ్గర ‘డెత్ క్లెయిమ్’ (చనిపోయిన ఖాతాదారు సొమ్ము కోరడం) అనే మాటే ఎత్తకండి. ఎత్తితే నామినీ, వారసులు, ష్యూరిటీ అంటూ మీకు సంబంధం లేని గళ్లున్న ఫారాలు చేతికొస్తాయి. ‘మైనర్ ఖాతాలో గార్డియన్ మార్పు’ అని అడగండి.

ముందుగా పాసు పుస్తకం మొదటి పేజీ, ఎఫ్‌డీ రసీదు తీసి చూడండి. బాబు పేరు ఉండి, పక్కన ‘మైనర్, గార్డియన్ తండ్రి’ అని ఉంటే పైన చెప్పిన దారే. ఎఫ్‌డీ మీ వారి పేరు మీద ఉండి బాబు నామినీ మాత్రమే అయితే అది నిజంగానే డెత్ క్లెయిమ్. నామినీ మైనర్ కనుక, వాడి తరఫున డబ్బు తీసుకోవడానికి నామినేషన్‌లో ఏ పెద్దవారి పేరు రాశారో బ్యాంకు చూస్తుంది. ఇంట్లో రెండింటినీ ‘బాబు ఎఫ్‌డీ’ అనే అంటాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) 6వ సెక్షన్ ప్రకారం తండ్రి తర్వాత సహజ సంరక్షకురాలు తల్లే, కోర్టు నియమించాల్సిన పని లేదు. తల్లిని గార్డియన్‌గా పెట్టి మైనర్ ఖాతా తెరవవచ్చని 2025 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన సూచనల్లోనూ ఉంది. (తండ్రి బతికుండగానే కొన్ని పరిస్థితుల్లో తల్లి సంరక్షకురాలు కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ఎదుటి పక్షం ఆర్‌బీఐయే!)

తీసుకెళ్లాల్సినవి: మరణ ధ్రువపత్రం అసలు, నకలు, తల్లిగా మీ పేరున్న బాబు జనన ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్, మీ పాన్, ఫొటోలు, పాసు పుస్తకం, ఎఫ్‌డీ రసీదు. ఎక్కువగా పని ఆగేది పేర్ల దగ్గర. జనన పత్రంలో ‘లక్ష్మి’, ఆధార్‌లో ‘వెంకట లక్ష్మి’ అని ఉన్నా, ఒకచోట పుట్టింటి ఇంటిపేరు ఉన్నా వెనక్కి పంపుతారు. రెండు పేర్లూ మీవేనని నోటరీ అఫిడవిట్ ఒకటి ముందే చేయించుకోండి.

ఎఫ్‌డీలో గార్డియన్ పేరు దానంతట అదే మారిందనుకోవద్దు. దరఖాస్తులో సేవింగ్స్ ఖాతా నంబరు, ఎఫ్‌డీ నంబరు రెండూ రాయండి. ఫోన్ నంబరు కూడా అదే రోజు మార్పించండి, లేకపోతే ఓటీపీలన్నీ పోయినవారి ఫోన్‌కే వెళ్తుంటాయి. పిన్ తెలుసు కదా అని ఆయన వాడుతూ వచ్చిన ఏటీఎం కార్డు వాడకండి. ఆయన మరణంతోనే ఆ అధికారం ముగిసింది, రేపు బంధువులెవరైనా లెక్క అడిగితే మాట పడేది మీరే. కార్డు, మిగిలిన చెక్కులు బ్యాంకుకు అప్పగించండి.

ఫీజుకు సేవింగ్స్‌లో డబ్బు సరిపోతే ఎఫ్‌డీ కదపకండి. గడువుకు ముందు తీస్తే వడ్డీ తగ్గుతుంది. పైగా ఆ డబ్బు మైనర్ అవసరానికేనని రాసివ్వమంటారు.

బ్యాంకు ఇంకా కుదరదంటే దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ లేరు. పన్నెండేళ్ల మనవడి ఖాతాకు మా అమ్మాయి గార్డియన్. పిల్లవాణ్ని పెంచుతున్నది నేనే. నా సంతకంతో డబ్బు ఇస్తారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఇవ్వరు, తప్పు బ్యాంకుది కాదు. పెంచుతున్నంత మాత్రాన తాతగారు హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం దృష్టిలో సహజ సంరక్షకులు కారు. తల్లిదండ్రులు వీలునామాలో మిమ్మల్ని సంరక్షకులుగా రాసి ఉన్నారేమో ముందు వెతకండి. లేకపోతే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం (1890) కింద జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి. సంరక్షకుడిగా ఉండటానికి సమ్మతిస్తూ మీరు సంతకం చేసి, కనీసం ఇద్దరు సాక్షులతో ధ్రువీకరించిన పత్రం దానికి జతచేయాలి.

ఇక్కడ వకీలుకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ‘సంరక్షకుడిగా నియమించండి’ అని మాత్రమే అడిగితే, ఆ ఉత్తర్వు తెచ్చాక కూడా ‘డబ్బు తీయమని ఇందులో లేదే’ అని బ్యాంకు తిప్పి పంపవచ్చు. బ్యాంకు, శాఖ, ఖాతా నంబర్లు పిటిషన్‌లో రాసి, చదువుకు, వైద్యానికి డబ్బు తీసుకునే అనుమతి కూడా కోరండి. ఖర్చుల రసీదులు దాచండి, కోర్టు లెక్క అడగవచ్చు.

పదేళ్లు నిండినవారు బ్యాంకు పెట్టిన పరిమితి మేరకు సొంతంగా ఖాతా నడపవచ్చు కాబట్టి మనవడి పేర కొత్త సేవింగ్స్ ఖాతా తెరవగలరేమో అడగండి. పాత ఖాతాలోని సొమ్ముకు మాత్రం ఇది దారి కాదు. ఇదే స్థితిలో ఉన్న వేరే పిల్లవాడికి ఇప్పటికే పదిహేడు నిండి, తొందరేమీ లేకపోతే మాత్రం కోర్టుకు వెళ్లొద్దనే నా సలహా. పద్దెనిమిది నిండిన రోజున వాడే తన కేవైసీ (గుర్తింపు, చిరునామా పత్రాలు), కొత్త సంతకం ఇచ్చి ఖాతా చేతికి తీసుకుంటాడు.

ప్రశ్న: రోడ్డు ప్రమాద పరిహారంలో చెల్లెలి వాటాను ప్రమాద పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్ ఎఫ్‌డీ వేయించింది. గార్డియన్ అయిన అమ్మ ఈమధ్య పోయింది. బ్యాంకు మేనేజరు గార్డియన్‌ను మార్చగలరా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: లేదు. ఆ ఎఫ్‌డీకి తాళం ట్రిబ్యునల్ దగ్గర ఉంది. పాత కేసు నంబరుతో అక్కడే దరఖాస్తు వేసి, కొత్త గార్డియన్ పేరు, ఇకపై వడ్డీ ఏ ఖాతాలో పడాలి అన్నవి ఉత్తర్వులో రాయించుకోండి. మైనర్ల వాటాను దీర్ఘకాల డిపాజిట్‌లో ఉంచి, వడ్డీని నెలనెలా గార్డియన్‌కు ఇవ్వాలని 1994లో సుసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు సూచించింది. అసలు సొమ్ము తీయాలంటే ఆసుపత్రి అంచనా, కాలేజీ ఫీజు పత్రం లాంటి ఆధారం చూపాలి.

ప్రశ్న: పాప సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి మూడేళ్లయింది. గార్డియన్ అయిన తండ్రి పోయారు. మూసేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇప్పుడు కాదు. గార్డియన్ మరణం కారణంగా ముందే మూసే వీలుంది, కానీ ఖాతా తెరిచి అయిదేళ్లు నిండాలి, కొనసాగించడం కష్టమని అధికారి ఒప్పుకోవాలి. మరణ ధ్రువపత్రం, కేవైసీ ఇచ్చి గార్డియన్‌గా మీ పేరు చేర్పించుకోండి. ఏడాదికి 250 రూపాయలు కడితే చాలు, ఖాతా నడుస్తుంది. ఒక ఏడు తప్పితే 50 రూపాయల జరిమానాతో పునరుద్ధరించుకోవచ్చు.